గోరు కింద నలుపు

బరంపురం బడబజారు వెనక
మా స్క్రీన్ ప్రింటింగ్ కొట్లో
తడి ఆరాలంటే ముందు సముద్రం ఒప్పుకోవాలి.
గోపాలపురం వైపునుంచి ఉప్పుగాలి మళ్ళిందంటే
శుభలేఖలు వేళ్ళకి అంటుకుంటాయి.
ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు,
మధ్యలో వినాయకుడు రెంటికీ ఒక్కడే.

ఇప్పుడు పిలుపులన్నీ ఫోన్లోనే పోతున్నాయి.
కిందటి మాఘంలో పదకొండు పెళ్ళిళ్ళు.
ఈ మాఘంలో రెండు. అందులో ఒకటి అప్పు.

అప్పుడొచ్చింది ఇతిశ్రీ, కాలేజీ ల్యాబునుంచి,
సంచిలో చిన్న సీసా, సీసా చుట్టూ తువ్వాలు,
బస్సులో పసిపిల్లని తెచ్చినట్టు.
"భాయినా, ఇది ఒలికితే నా చదువు ఒలికినట్టే."

నల్ల సిరా. నాకు తెలియని నలుపా?
అట్టమీద రెండు చుక్కలు వేసి
కిందనుంచి అయస్కాంతం జరిపింది.
సిరాకి ఒళ్ళు జలదరించింది.
ముళ్ళపందిలా లేచి నిలబడి,
అయస్కాంతం తీసేయగానే
ఏమీ ఎరగనట్టు సర్దుకుంది.
ముప్ఫయ్యేళ్ళు సిరాతో బతికేను.
అది బదులు పలకడం ఇదే మొదలు.

ఇనుమేనట. తుప్పుకి దగ్గర చుట్టమట.
ఒక వెంట్రుక మందాన
ఎనిమిది వేల రేణువులు వరసకట్టి నిలబడతాయట.
"ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దైపోవా?"
"ఒక్కోదానికీ నూనె పూత ఉంది భాయినా."
గుమ్మంలో అప్పడాలు వత్తుతున్న దాలమ్మ
తలెత్తకుండానే అంది:
"మరేటి! నూని రాయకపోతే
అప్పడమైనా సుట్టమైనా ఊరికే ఊడొస్తాదేటి?"
ఇతిశ్రీ నోటుపుస్తకం తీసి
ఆ మాట ఒడియాలో రాసుకుంది.

కాయితం కాదు, ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్.
ఫ్యాను ఆపితే చెమట, వేస్తే అది ఎగిరిపోతుంది.
మొదటిది పులిసింది. రెండోది చారలు.
మూడోదాంట్లో చుట్టలు చుట్టిన సన్న గీతల మధ్య
పాత శుభలేఖ తాలూకు దెయ్యం
లీలగా లేచింది: సపరివారంగా.
ఆ పిల్ల పగలబడి నవ్వి
"పనికిరాదు" అని రాసి, దాన్ని పర్సులో దాచుకుంది.

మూలనుంచి నాన్న లేచి వచ్చేడు.
కుంభాల అంచు పట్టుచీరలు నేసిన మనిషి,
మగ్గం అమ్మేసేక కుర్చీలోనే పడుగు సరిచూసుకునే మనిషి.
తెర మీద బొటనవేలు గోరుతో మీటేడు.
"వదులురా," అన్నాడు. అంతే.
బిగించేను. ఈసారి గోరుకి పలికింది.

ఎనిమిదో పొర.
తడి ఆరకముందే కింద అయస్కాంతం పట్టుకుంది.
రేణువులన్నీ ఒకే దిక్కుకి పడుకున్నాయట.
నాకేమీ కనబడలేదు. నలుపు నలుపులాగే ఉంది.

"ఎవరి వేలైనా కావాలి," అంది.
నాన్న చూపుడువేలికి అతికించింది.
వేలు ముడిస్తే ల్యాప్‌టాప్‌లో అంకె ఎక్కింది,
అరవై, డెబ్భై రెండు.
"ఇప్పుడు చాపండి మౌసా."
దిగింది. ముప్ఫై. ఇరవై. పద్నాలుగు.
అక్కడ ఆగింది.
"పూర్తిగా చాపండి."
"చాపేనమ్మా."
యంత్రం తప్పేమోనని తీగలు కదిపింది, మళ్ళీ చూసింది.
పద్నాలుగు.
ఆ వేలు ఎన్నేళ్ళుగా అలా ఉందో నేను అడగలేదు.
రోజూ ఆ చేతినుంచే చిల్లర తీసుకుంటాను.
నాన్న తనే అన్నాడు,
"దాని లెక్క సరైందేలే, రాసుకో."
రాసుకుంది.

చివరి బస్సుకి వెళ్ళిపోయింది.
తెర కడిగేను, కిరోసిన్‌తో బల్ల తుడిచేను,
రేపటి కార్డుకి పసుపు కలిపేను.
గోరు కింద కాస్త నలుపు మిగిలింది.
ఆమె మరిచిపోయిన అయస్కాంతం దగ్గర పెట్టి చూసేను.
కదలలేదు.
నిజం చెప్పాలంటే, రెండోసారి కూడా పెట్టేను.